ఆళ్లగడ్డ నుంచి వచ్చిన గొంతు

నంద్యాల హామ్ రేడియో క్లబ్బులో సెట్టు పాడైతే విప్పేది నేనే. ఈసారి మా మాట బయటికి పోవడం లేదు. మూడు రోజులు సెట్టు లోపలంతా వెతికాను. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కొత్త సభ్యుడు వచ్చి, రాతిలో పగులు వెతికినట్టు యాంటెనా కేబుల్‌ను వేళ్లతో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు.

"ఈడ ఊడింది అన్నా."

అది నేను సోల్డరింగ్ చేసిన అతుకే. అందరూ అతని వీపు తట్టారు. నాకు ఒళ్లు మండింది.

సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి తన సొంత సెట్టులో పిలిచాడు. "నా గొంతు ఎట్లా వస్తాంది అన్నా?"

పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది.

"గరగర అంటాంది అప్పా. సెట్టు విప్పి చూసుకో," అన్నాను.

"నువ్వు చెప్తే నిజమే అయింటాది అన్నా," అని, బాగున్న సెట్టును విప్పడానికి స్విచ్చి ఆపేశాడు.