ఇనుప కొప్పు

మొన్న చిత్తూరు బస్సులో నా పక్కన కూర్చున్నావిడ అప్పుడే గుండు చేయించుకుని కొండ దిగినట్టుంది. తలకు పూసుకున్న గంధం వాసన గుప్పుమంది. మాటిమాటికీ నున్నటి తల తడుముకుని తనలో తనే నవ్వుకుంటుంటే నాకు వసుంధర మేడం గుర్తొచ్చారు. వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు.

మేడం శిల్పి. తొంభైల చివర్లో తిరుపతిలో ఆమె షెడ్డులో నేను వెల్డింగు పని చేసేదాన్ని. ఊరికి అందం తెస్తామని బయల్దేరిన కమిటీ ఒకటి, ఊరి మొదట్లో పెట్టడానికి ఇనుప బొమ్మ కావాలంది. మేడం వాళ్ళమ్మను చేశారు. కూతురి జ్వరం తగ్గితే తలనీలాలిస్తానని మొక్కుకుని, ఇచ్చి వచ్చి, "ఎంత తేలిగ్గా ఉండాదో సూడు పాపా" అంటూ తల తడుముకుని నవ్విన అమ్మ. ఆ నవ్వు కుదిరేదాకా నాతో పెదవులు కోయిస్తూ, మళ్ళీ అతికిస్తూనే ఉన్నారు. నేను విసుక్కుంటే, "మాయమ్మకేం తొందర లేదులేమ్మే, కొయ్యి" అనేవారు.

బొమ్మ నిలబెట్టాక కమిటీ పెద్దమనిషి వచ్చి మొహం చిట్లించాడు. "ఊర్లోకొచ్చేవాళ్ళకి బోడితల ఆడమనిషి ఎదురు రావాల్నా? అపశకునం కాదామ్మా?"

"దినామూ మీ ముందర గుండు చేయించుకున్న ఆడోళ్ళు ఎంతమంది పోతా ఉండారు సార్? వాళ్ళూ అపశకునమేనా?" అన్నారు మేడం.

"వాళ్ళు భక్తులు. ఇది బొమ్మ."

జుట్టు ఇస్తే పుణ్యమట, ఇచ్చిన తల కనబడితే అపశకునమట. ఏం మనుషులో!

ఆవిష్కరణకు ముందురోజు ఎవరితోనో బొమ్మ తలకు ఇనుప కొప్పు అతికించి, చుట్టూ రేకుపూలు పెట్టించాడు. గుండు తడుముకుంటున్న అమ్మ కాస్తా పూలు సర్దుకుంటున్న సింగారి అయిపోయింది. మేడం చూసి, "గ్రైండరు తేమ్మే" అన్నారు. పట్టపగలు, నడిరోడ్డు మీద నిచ్చెనెక్కి ఆ కొప్పు కోసి కింద పడేశారు. పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి కేకలేస్తే పైనుంచే అన్నారు: "మాయమ్మ మొక్కు తీర్చుకునింది. మళ్ళా జుట్టు తగిలించేదానికి నువ్వెవురప్పా?"

ఎంత కోపంలోనూ బయటివాళ్ళనెవరినీ నువ్వనని మనిషి ఆమె.

మర్నాడు పోలీసులను కాపలా పెట్టి మరీ కొప్పు మళ్ళీ అతికించారు. ఆవిష్కరించి చప్పట్లు కొట్టారు. మేడం ఇక ఆ దారిన వెళ్ళలేదు. బొమ్మ ఉన్న మలుపు రాకముందే బస్సు దిగి, ఎండలో చుట్టు తిరిగి ఇంటికి నడిచేవారు. కొన్నేళ్ళకు ఆమె పోయినప్పుడు, కొప్పు దిద్దుకునే సుందరిని చెక్కిన కళాకారిణి అని పేపర్లో పొగిడారు. ఆ పేపరు చింపి పొయ్యిలో వేశాను.

ఆమె నేర్పిన పనే నాకు అన్నం పెడుతోంది. కోపం కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే, దాన్ని చల్లార్చుకోవాలని నాకు లేదు. బస్సు ఆ మలుపు తిరిగినప్పుడల్లా, అడిగినా అడగకపోయినా, పక్కనున్నవాళ్ళకు చెబుతాను. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీ.

"ఆ కొప్పు ఆమెది కాదు. ఎవురో అంటించినారు. ఆయమ్మ గుండు తడుముకోని నవ్వతా ఉండాది."