పోలమ్మ మెడ

కళింగపట్నంలో చేపలమ్మే పోలమ్మ నెత్తిన గంపకు చెయ్యి ఆనించడం ఎవరూ చూడలేదు. తన మెడంటే ఆమెకంత ధీమా.

మొన్న సంత నుంచి వస్తుంటే ఆమె ఎక్కిన ఆటోను వెనకనుంచి వ్యాను గుద్దింది. తల ఒక్కసారి వెనక్కీ ముందుకీ ఊగింది, అంతే. ఎక్కడా గీత కూడా పడలేదు. "నాకేటీ అవనేదు" అంటూ చీర దులుపుకుని ఇంటికొచ్చేసింది.

తెల్లారేసరికి మెడ కొయ్యబారింది. తల వెనక పోటు, లేస్తే కళ్ళు తిరగడం. తప్పంతా తలగడ మీదకు నెట్టి, మెడ పట్టేస్తే తనకు తెలిసిన వైద్యమే చేసింది. గంప నెత్తికెత్తుకుంది! బరువు పడితే నరం అదే సర్దుకుంటుందని ఆమె నమ్మకం. నాలుగడుగులు వేసిందో లేదో వేళ్ళు తిమ్మిరెక్కాయి. గంప జారి చేపలన్నీ ఇసకపాలయ్యాయి.

కోడలు ఝాన్సీ బలవంతాన శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఆటో కుదుపుకి మెడ కండరాలు లోపల సాగిపోయాయి. ఈ నొప్పి చాలామందికి మర్నాడే బయటపడుతుంది," అంది డాక్టరమ్మ.

"ఇన్నేళ్ళు గంపలు మోసిన మెడమ్మా ఇది! ఒక్క కుదుపుకే ఇలాగైపోద్దేటి?"

"గంపను నెమ్మదిగా ఎత్తుకుంటావు. తల విసురుగా ఊగింది. ఉత్త తలకాయే అయిదు కిలోల దాకా ఉంటుంది మరి."

అయిదు కిలోలంటే పెద్ద వంజరం చేప! పోలమ్మ రెండు చేతులూ మెల్లగా తలకు ఆనించి, తూచినట్టు పట్టుకుంది.

"ఒసే ఝాన్సీ, ఇన్నాళ్ళూ గంప కింద ఇంకో గంప మోస్తన్నానే!"