ఎదురుగా కనిపించే ఒడ్డు

బాల్టిక్ తీరాన కీల్ ఊరిని ఇక్కడ కట్టిన మహానుభావులకు ఒక దండం. ఊరి నడిబొడ్డు దాకా సముద్రం చొరబడి కూర్చుంది. మా ఇల్లు పడమటి ఒడ్డున. మా నాలుగేళ్ల పాప వెళ్లే కీటా, అదే ఇక్కడి చిన్నపిల్లల బడి, తూర్పు ఒడ్డున. ఎంత తిరిగినా సీటు అక్కడే దొరికింది. బాల్కనీలో నిలబడితే దాని ఎర్రటి పైకప్పు కనిపిస్తుంది. వెళ్లాలంటే మాత్రం దక్షిణాన నీళ్లు ముగిసేదాకా పోయి, చుట్టి, మళ్లీ పైకి రావాలి. పడవ ఉంది గానీ, మనకు కావలసిన వేళకు ఏనాడూ రాదు. ఇదొక రాష్ట్ర రాజధాని అట! తూర్పున నీళ్లున్నాయి, వాస్తు బ్రహ్మాండం అంటూ ఆ ఇల్లు ఖాయం చేసింది మా ఆయనే.

నేను బస్సులో చుట్టి వెళ్లేసరికి రోజూ మా పాపే ఆఖరు. ఆ పొద్దున నా మెడ కావలించుకుని, "మమ్మీ, ఇయ్యాల అందరికన్న ముందు నువ్వే రావాలె," అంది. ఒట్టేశాను. మా ఆయన చేత సెలవు పెట్టించి, కారు తీయించాను.

దక్షిణాన రోడ్డు తవ్వేశారు. కార్లు బారులు తీరి ఉన్నాయి. మా ఆయన బండి ఉత్తరానికి తిప్పాడు.

"అటెటు పోతున్నవ్?"

"ట్యాంక్‌బండ్ జామైతే నెక్లెస్ రోడ్డు మీద పోలేదా? ఎట్ల పోయినా అవతలి దిక్కే తేల్తం."

"అది చెరువు! ఇది సముద్రం!"

వెనక్కి తిరగమని ఫోను మొత్తుకుంటున్నా వినలేదు. కాసేపటికి ఎత్తైన వంతెన వచ్చింది. "చూసినవా, దాటేసినం!" అన్నాడు. నా ఖర్మ! అది సముద్రంలో కలిసే కాలువ మీద వంతెన. దిగాక కూడా సముద్రం మా కుడివైపే ఉంది. ఇంకా పోతే ఒక లైట్‌హౌసు, దాని అవతల బాల్టిక్ సముద్రం. నాలుగింటికి కీటా మూసేస్తారు. ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. అక్కడే కారు దిగి ఏడ్చేద్దామనిపించింది.

వెనక్కి తిరిగి, ఊరంతా చుట్టి చేరేసరికి నాలుగూ ముప్పావు. టీచరు తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. పాప జాకెట్టు, బూట్లు, టోపీ అన్నీ వేసుకుని కిటికీ అద్దానికి ముక్కు ఆనించి ఉంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"మన బాల్కనీకి చెయ్యి ఊపుతనే ఉన్న మమ్మీ. నువ్వు లేవు."

"తొవ్వల ఉన్న బిడ్డా. నీ దగ్గరికే వస్తున్న."

అది అద్దం మీద వేలు పెట్టి మా ఒడ్డు చూపించింది.

"రేపు రాకు. బాల్కనీల నిలబడు. అప్పుడు కనపడతవు."