వదులైన బిరడా

ఆ ఇంట్లో చిన్నకోడలిని అందరూ తోకమ్మ అనేవారు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. కయాకులు, అదే తెడ్డేసుకుని నడిపే సన్నపడవలు, సముద్రంలోకి బయల్దేరినప్పుడు అన్నిటికంటే ముందు పడవ ఆమె బావగారిది, అన్నిటికంటే వెనక పడవ ఆమెది. మధ్యలో, పుట్టి బుద్ధెరిగాక తెడ్డు ముట్టని టూరిస్టులు ఆరేడుగురు, బాతుపిల్లల్లా ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ వెళ్తుంటారు. ముందున్న మనిషి దారి చూపిస్తాడు. వెనకున్న మనిషి మిగిలిపోయినవాళ్లను ఏరుకుంటుంది. తొమ్మిదేళ్లుగా ఏరుకుంటోంది.

ఇంటి ముందుగదే వాళ్ల ఆఫీసు. అక్కడ ఫోను దగ్గర అత్తగారు కూర్చుంటుంది. ఆవిడ మాట దాటి ఆ ఇంట్లో పిల్లి కూడా మెట్టు దిగదు. వెనక రేకుల షెడ్డులో తోకమ్మ భర్త పడవలకు అతుకులేస్తూ, మాస్కుల పట్టీలు మారుస్తూ పొద్దస్తమానం వంగే ఉంటాడు. అతనికి నీళ్లు పడవు. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. ముందుగదికీ షెడ్డుకీ మధ్య ఇరుకు నడవా, ఆ నడవా పొడుగునా తాడు మీద ఆరేసిన తడి లైఫ్ జాకెట్లు. పడగ్గదిలోంచి వంటింట్లోకి వెళ్లాలంటే వాటిని రెండు చేతులా తోసుకుంటూ, చల్లగా మొహానికి తగిలించుకుంటూ వెళ్లాల్సిందే. పడగ్గదికి కిటికీ లేకపోలేదు. తెరిస్తే షెడ్డు గోడ. సముద్రం ఒడ్డున కాపురం చేస్తూ సముద్రం కనపడని గది సంపాదించుకోవడానికి కూడా అదృష్టం ఉండాలి.

వాళ్ల వ్యాపారమంతా కొండ వెనక మడుగు మీద నడుస్తోంది. ఒడ్డునుంచి కొండమూల దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్లి, మూల తిరిగితే లోపల మడుగు. అక్కడ అల ఉండదు. మొహానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని బోర్లా తేలితే చాలు, ఈత రానివాళ్లకు కూడా అడుగుదాకా కనిపిస్తుందట. పసుపూ నీలం చేపలు గుంపులుగా తిరుగుతాయట. ఒక ముసలి తాబేలు మనుషుల్ని పట్టించుకోకుండా గడ్డి మేస్తుందట.

ఈ 'అట'లన్నీ తోకమ్మవి. ఆమె ఆ మడుగును ఒక్కసారి కూడా చూడలేదు.

కారణం చాలా మామూలుది. ప్రతి గుంపులోనూ ఒక్కరైనా భయపడతారు. అలా భయపడి వెనక్కి తిరిగినవాళ్లతో తోక పడవ తిరిగి రావాలి, మిగతావాళ్లతో ముందు పడవ సాగిపోవాలి. అది ఈ పనిలో రూలు. ఒంటరిగా ఎవరూ కొండమూల దాటకూడదన్నది ఇంకో రూలు. సీజన్లో తీరికుండదు, సీజన్ అయిపోతే సముద్రం ఊరుకోదు. పోనీ వెనక ఇంకెవరినైనా పెడదామా అంటే, బెదిరినవాళ్లను సముదాయించడం ఆ ఇంట్లో మరొకరికి చేతకాదు. బావగారు ధైర్యం చెప్పబోతే అరిచినట్టుంటుంది, ఉన్న ధైర్యం కూడా పోతుంది. "నీ గొంతులో ఏదో ఉందే అమ్మాయ్, నిన్ను వెనక పెడితే నాకు నిశ్చింత" అని అత్తగారు మొదటి ఏడాదే మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలే ఆమె మెడకు చుట్టుకుంది.

భయపడేవాళ్లను ఆమె ఇట్టే గుర్తుపట్టేది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి మాట ఆపేస్తాడు. తెడ్డు నీళ్లను తాకుతుంది గానీ లోపలికి దిగదు. చూపు ముందుకు కాకుండా తన మోకాళ్ల మీదికి పోతుంది. భయంగా ఉందని నోరు తెరిచి చెప్పడు. భార్య చూస్తుంటుంది, లేదా ఆఫీసువాళ్లు పక్కనే ఉంటారు. అప్పుడు తోకమ్మ తన పడవ పక్కకు చేర్చి, వాళ్ల పడవ వెనక భాగాన్ని తెడ్డుతో తట్టి అనేది. "ఒక్క నిమిషం ఆగండి. మీ బిరడా వదులైనట్టుంది. ఇలాగే వెళ్తే లోపలికి నీళ్లొస్తాయి. మనం వెనక్కి వెళ్లిపోదామా?"

పడవలో చేరిన నీళ్లు ఒంపుకోవడానికి వెనకవైపు బొటనవేలంత రబ్బరు బిరడా ఉంటుంది. అది వదులవ్వడం చాలా అరుదు. తోకమ్మ వెంట ఉంటే మాత్రం రోజుకొకటి వదులయ్యేది. ఆ మాట వినగానే ఎదుటివాళ్ల మొహంలో కనిపించే ఊరట చూసి, ఆమె ఈ అబద్ధం గుట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంట్లో నవ్వుతారు, నవ్వు ముందుగదిదాకా పోతుంది, రేపు వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు తలెత్తుకోలేరు. అలా ఒడ్డుకు తెచ్చి, తాడు కట్టిన మోకాలిలోతు నీళ్లలో బోర్లా పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని చేపల్ని చూపించేది. బూడిదరంగు చేపలు, వేలంతవి. పాత టైరు చుట్టూ తిరుగుతుంటాయి. వాళ్లు సంతోషపడేవారు. సాయంత్రానికి తామే ఆ మాట నమ్మేసి, "ఎలాంటి పడవలు పెట్టారండీ" అని అత్తగారి మీద విరుచుకుపడినవాళ్లు కూడా ఉన్నారు. భర్త ప్రతి బిరడానూ పీకి, నొక్కి, వెలుతురులో పెట్టి చూసి, "బాగానే ఉంది కదే, దీనికేం మాయరోగం" అని జుట్టు పీక్కునేవాడు. పాపం అనిపించేది ఆమెకు. అయినా చెప్పలేదు.

మడుగు చూసి వచ్చినవాళ్లు తలలు తుడుచుకుంటూ అడిగేవారు. "మీరు రోజూ చూస్తారుగా. విసుగనిపించదా?"

"లేదండీ" అనేది తోకమ్మ. ఆ ఒక్క ముక్క అనడానికి ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఈ సీజన్ మొదట్లో అత్తగారు భోజనాల దగ్గర మాట ఎత్తింది. పెద్దవాడికి వయసు మీద పడుతోందనీ, ముందు పడవకు ఇంకో మనిషిని చూడాలనీ, పెద్దకోడలి తమ్ముడు ఖాళీగానే ఉన్నాడనీ. బావగారు కంచంలోంచి తల ఎత్తలేదు.

"నేను వెళ్తాను అత్తయ్యా, ముందు" అంది తోకమ్మ.

భర్త చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి మాట్లాడితే ఏ ఇంట్లోనైనా అంతే.

"దారి తెలియని మనిషివి ముందెలా ఉంటావమ్మా?" అన్నాడు బావగారు. మాట నెమ్మదిగానే ఉంది.

"వెళ్తేనే కదా బావగారూ తెలిసేది. నన్నెప్పుడు వెళ్లనిచ్చారు?"

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పేసింది. "రేపు అది ముందు, నువ్వు వెనక. అందర్నీ మడుగుదాకా తీసుకెళ్లి క్షేమంగా తెచ్చిందంటే ముందు పడవ దానిది. లేదంటే సోమవారం ఆ అబ్బాయికి కబురు చేస్తాను. మళ్లీ దీని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడటానికి వీల్లేదు."

ఆ మాటల్లో ఉన్న తాళం చప్పుడు తోకమ్మకు స్పష్టంగా వినిపించింది. ఈ ఒక్కసారి తప్పితే, మోకాలిలోతు నీళ్లూ పాత టైరే తన బతుకు.

మర్నాడు పొద్దున సముద్రం మంచి మూడ్‌లో ఉంది. గుంపులో ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం, ఇద్దరు నర్సులు, ఒక రిటైరైన లెక్కల మాస్టారు. మాస్టారు లైఫ్ జాకెట్ తిరగేసి వేసుకుంటే ఆమె సరిచేసి, ఈయనే ఈవేళ్టి బిరడా అనుకుంది. ఏమైనా ఇవాళ తిరిగి రావాల్సింది తను కాదు.

ముందు ఎవరూ లేని నీళ్లు ఆమెకు కొత్త. తొమ్మిదేళ్లూ ఎవరో ఒకరి వీపు చూస్తూ తెడ్డు వేసింది. ఇప్పుడు ఎదురుగా వీపు లేదు. పిచ్చి సంతోషం వచ్చింది. భయపడినవాళ్లను తాడేసి ఒడ్డుకు లాగీ లాగీ గట్టిపడ్డ భుజాలవి. పడవ ఒకటే పరుగు. వెనక్కి చూసి, గుంపుకోసం ఆగి, మళ్లీ కదిలింది. మాస్టారు మహా హుషారుగా ఉన్నాడు. నర్సులు పాట అందుకున్నారు. కొండమూల దగ్గరపడింది. రాళ్లమీద పాకురు కనిపిస్తోంది, రాళ్ల అవతల నీళ్ల రంగు మారడం కనిపిస్తోంది. లేత ఆకుపచ్చ. ఆ రంగును ఆమె తొమ్మిదేళ్లుగా ఎందరి నోటో వింది.

పాడు అలవాటు. ఇంకోసారి వెనక్కి చూసింది.

గుంపంతా ఉంది. గుంపు వెనక, ఉండాల్సినదానికన్నా చాలా దూరంలో, బావగారి పడవ. ఎప్పుడూ గాలిని మించి ఏదో ఒకటి అరిచే మనిషి నోరు మెదపడం లేదు. తెడ్డు కుడివైపు నీళ్లను తాకుతోంది గానీ దిగడం లేదు. చూపు మోకాళ్ల మీద ఉంది.

తోకమ్మకు సంగతి అప్పుడు తట్టింది. ముందున్న మనిషి తన వేగం తనే పెట్టుకోవచ్చు. అలిసిపోతే "అదిగో ఆ పక్షిని చూడండి, ఫొటోలు తీసుకోండి" అని పడవ ఆపేసి భుజానికి విశ్రాంతి ఇచ్చుకోవచ్చు. బావగారికి పక్షులంటే ఎంత ఇష్టమో అని ఊళ్లోకి వచ్చినవాళ్లందరూ మెచ్చుకునేవారు. వెనకున్న మనిషికి ఆ వీలు లేదు. ఎవరి వేగమో అందుకోవాలి.

గుంపును రాళ్లకు దూరంగా ఆగమని చెప్పి ఆమె వెనక్కి వెళ్లింది. దగ్గరికెళ్లి చూస్తే ఆయన కుడిచెయ్యి ఒడిలో పడేసిన సామానులా ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఎందుకొచ్చావు? నువ్వు వెళ్లమ్మా. నేను వస్తాను" అన్నాడు.

"ఎన్నాళ్లనుంచి బావగారూ?"

ఎప్పుడూ గద్దించినట్టు చూసే ఆయన కళ్లు ఇప్పుడు ఆమె వైపు వేరేగా చూస్తున్నాయి, ఆ చూపు ఆమెకు కొట్టినపిండి. రోజుకొకరి మొహంలో చూసేదే. చెప్పొద్దు అని అడిగే చూపు.

మూల దగ్గర నీళ్ల ఉరవడి ఉంది. ఒంటిచేత్తో ఆయన దాటలేడు, ఇక్కడ ఒంటరిగా వదలడానికీ లేదు. ఆయన్ను లాక్కెళ్లాల్సింది తనే గనక గుంపంతా తిరగాల్సిందే. తోకమ్మ ఒకసారి ఆ లేత ఆకుపచ్చ రంగు వైపు చూసింది. ఆమె తెడ్డుతో ఆయన పడవ వెనక భాగాన్ని తట్టింది.

"మీ బిరడా వదులైనట్టుంది బావగారూ" అంది, మిగతావాళ్లకు వినపడేలా. "లోపలికి నీళ్లొస్తున్నాయి. వెనక్కి వెళ్లిపోదాం."

పొద్దున ఆయన తన చేత్తో బిగించిన బిరడా అది. ఆయనకు అర్థమైంది, ఇది తన సంగతి ఒక్కటే కాదు.

"అంటే ఇన్నేళ్లూ ఆ బిరడాలన్నీ..." అన్నాడు లోగొంతుతో.

"తాడందుకోండి" అంది ఆమె.

ఒడ్డున అత్తగారు చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది. ఎండ ఇంకా ఎక్కనే లేదు, పడవలన్నీ వచ్చేస్తున్నాయి, పెద్దకొడుకు పడవ తాడు చివర. బ్యాంకు ఉద్యోగి విసుక్కుంటూ దిగాడు. "మడుగు అన్నారు, తాబేలన్నారు. మీ పడవలే మునిగేట్టున్నాయి."

"ఏమైంది?" అంది అత్తగారు చిన్నకోడలితో. ఆ అడగడంలోనే సోమవారం కబురు ఉంది.

తోకమ్మ నోరు తెరిచేలోపు బావగారు ఎడమచేత్తో జాకెట్ విప్పుకుంటూ అందుకున్నాడు. "నా పడవలోకి నీళ్లొచ్చాయమ్మా. ఈ అమ్మాయి చూసింది గనక సరిపోయింది. ఇంకొకరైతే నన్నక్కడే వదిలి ముందుకు పోయేవారు. నీకు ముందు పడవకు మనిషి కావాలన్నావుగా, ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది? రేపటినుంచి ముందు ఈవిడ ఉంటుంది, వెనక నేనుంటాను. బయటివాళ్లెవరూ మనకొద్దు."

అత్తగారి మొహం విప్పారింది. కోడలి తల నిమిరింది. "ఇక నిన్ను తోకమ్మ అనకూడదే" అంది. భర్త షెడ్డులోంచి పరుగున వచ్చి అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంతవరకూ ఎన్నడూ అలా పట్టుకోలేదు. తోకమ్మ నవ్వింది. నవ్వుతూనే లెక్క వేసుకుంది. రేపు తను ముందుంటుంది. కొండమూల దగ్గరికి వెళ్తుంది. వెనక్కి చూస్తుంది. వెనక బావగారు ఒంటిచేత్తో ఆగిపోయి ఉంటాడు, తను మళ్లీ తిరగాల్సిందే. ఎల్లుండీ బావగారే. ఈ సీజనూ వచ్చే సీజనూ. బయటివాడొస్తే ఆ చెయ్యి సంగతి మొదటిరోజే బట్టబయలవుతుంది, తనైతే గుట్టుగా తిప్పుకొస్తుంది. అందుకే ఇచ్చాడు ముందు పడవ. దుర్మార్గం ఏమీ లేదు అందులో. ఇన్నేళ్లూ తను ముక్కూమొహం తెలియనివాళ్లకు చేసిందే ఆయన అడుగుతున్నాడు. అదే ఆమెకు ఊపిరాడనివ్వలేదు.

సాయంత్రం ఆమె జాకెట్లు తోసుకుంటూ షెడ్డులోకి వెళ్లింది. భర్త బావగారి పడవను బోర్లించి బిరడా చుట్టూ జిగురు పూస్తున్నాడు. పక్కన కొత్త రబ్బరు ఉంగరం కూడా ఉంది.

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి. మీ అన్నయ్యగారి చెయ్యి..."

గుమ్మంలో ఏదో కదిలింది. బావగారు ఎడమచేతిలో టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. పొద్దున నీళ్లమీద చూసినట్టే చూశాడు.

"అన్నయ్య చెయ్యేంటి?" అన్నాడు భర్త, తల ఎత్తకుండా.

ఆమెకు కక్కలేక మింగలేక అయింది. అరవాలనిపించింది. గోడకున్న తాడు తీసి ఇద్దరి మధ్యా విసిరికొట్టాలనిపించింది.

"చెయ్యి తడిగా ఉన్నట్టుంది, తుండుగుడ్డ ఇద్దామని" అంది. గోడకున్న తుండుగుడ్డ తీసి ఇచ్చింది. బావగారు అందుకుని వెళ్లిపోయాడు.

భర్త ఉంగరం తొడిగి, బిరడాను సుత్తితో మెల్లగా దిగ్గొట్టి, రెండు చేతులతో పట్టి లాగి చూశాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. సంతోషంతో మొహం వెలిగిపోయింది.

"చూడు, ఇక జన్మలో ఊడదు" అన్నాడు. "రేపు నువ్వు మడుగు చూసి తీరతావు. వచ్చాక ఎలా ఉందో నాకు చెప్పు. నేనెలాగూ చూడలేను కదా."

"చెప్తాను" అంది తోకమ్మ.