మనలో ఎవరెవరు

పరదాలు కుట్టే ఆమెకు ఆ దేశంలో స్థిరంగా ఉండే హక్కు ఒక మాట వల్ల పోబోయి, ఒక తిట్టు వల్ల దక్కింది. చూసినవాళ్లు అదృష్టం అన్నారు. ఆమె మాత్రం దానికి ఏ పేరూ పెట్టలేదు.

పొట్ట చేతపట్టుకొని వచ్చిన మనిషి. తాత్కాలిక అనుమతి మీద ఒక పరదాల దుకాణంలో కుట్టుపనికి కుదిరింది. ఒకనాడు ఆ దుకాణానికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. తల్లి పోయాక ఇంట్లో వెలుతురు మరీ ఎక్కువైందని, పరదాలు కావాలని అడిగాడు. ఆమె కొలతలకు వెళ్లి స్టూలెక్కితే, అది కదలకుండా రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు.

"పడితే నన్నంటారు," అన్నాడు.

"పడను లెండి. కిటికీలు నాకు కొత్తా?" అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు మరోసారి వినడానికే అతను వంటింటి కిటికీకి కూడా పరదా చెప్పాడు. అతను ఆ దేశపు పౌరుడనీ, ఆమె కాదనీ అప్పటికి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. అంతవరకు ఆ కథలో అబద్ధం లేదు.

పెళ్లయ్యాక స్థిరనివాసానికి దరఖాస్తు పెట్టుకున్నారు. లోకంలో స్థిరమైనదంటూ ఏదీ లేదని తత్వవేత్తలు ఎంతోకాలంగా వాదిస్తున్నారు. ప్రభుత్వాలు మాత్రం స్థిరత్వాన్ని కార్డు మీద అచ్చువేసి ఇస్తాయి. ఆ కార్డుకు పౌరుడైన భర్త సంతకం కావాలి. సంతకం పెట్టినవాడికి, దాన్ని వెనక్కి తీసుకోగలనన్న సంగతి కూడా ఏదో ఒకనాడు తడుతుంది. ఒక మామూలు మనిషిని పాడుచేయడానికి ఆ పాటి ఎరుక చాలు.

"ఏవండీ, మన కిటికీలకు ఆకుపచ్చ పరదాలు వేద్దామా?" అని ఆమె అడిగిన రోజున అతనికి అది తట్టింది.

"మన కాదు, నా. కార్డు రానీ, అప్పుడు చూద్దాం," అన్నాడు. మొదటిసారి నవ్వుతూనే అన్నాడు. రెండోసారి నవ్వలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, ఫోను ఎత్తడం ఆలస్యమైనా చివరికి ఒకే మాట: "ఒక్క ముక్క రాసిచ్చానంటే పెట్టె సర్దుకోవాల్సిందే." అతను చెయ్యి చేసుకోలేదు, తాగి రాలేదు. ఆమెకు జ్వరం వస్తే సెలవు పెట్టి గంజి కూడా కాచాడు. అయితే ఆ గంజి కూడా అతని ఇంట్లో, అతని గిన్నెలో కాచినదే. క్రమంగా ఆమె నాలుక దారి మార్చుకుంది. మీ గది, మీ బీరువా, మీ కుళాయి. తన చేత్తో మడతపెట్టి కుట్టిన పరదాలను సైతం "మీ పరదాలు" అనేది.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పెళ్లి నిజమైనదేనని అధికారికి నమ్మకం కలగకపోతే, తాత్కాలిక అనుమతి ముగిసేలోగా ఆమె దేశం విడవాలి. ఆ వారమే డ్రైవరు అక్క వచ్చి ఆమె మాటతీరు విని గుండెలు బాదుకుంది.

"మీ ఇల్లు, మీ మంచం ఏంటే తల్లీ? అద్దెకున్నదానిలా! అక్కడ ఇలాగే వాగావంటే నిన్ను అటునుంచి అటే పంపించేస్తారు. దేనికైనా సరే 'మన' అను."

"నోరు తిరగడం లేదు వదినా."

"తిప్పుకో. ఊఁ, అను. మన ఇల్లు."

"మన ఇల్లు."

"మన మంచం."

"మన మంచం," అంది ఆమె, అటు కూర్చొని బూట్లు తుడుచుకుంటున్న భర్త వంక బెదురుగా చూస్తూ. అతను తలెత్తలేదు. వదిన వారమంతా వదల్లేదు. కుట్టుమిషను తొక్కుతూ కూడా ఆమె పెదవులు ఆ మాటనే తిప్పుతుండేవి.

ఇంటర్వ్యూ గదిలో బల్లకు అవతల తెలుగు తెలిసిన నడివయసు అధికారిణి, ఇవతల భార్యాభర్తలు.

"పొద్దున్నే ముందు ఎవరు లేస్తారు?"

"మన ఇంట్లో ముందు నేనే లేస్తానండి," అంది ఆమె.

అధికారిణి కనుబొమలు కాస్త కదిలాయి. "బీరువా ఎక్కడుంటుంది?"

"మన పడగ్గదిలో, తలుపు వెనకండి."

"పడుకునేది ఎటువైపు?"

"మన మంచంలో గోడవైపు నేనండి, ఇటు ఆయన."

అధికారిణి కలం కింద పెట్టింది. "మరి నేనెటు పడుకోవాలమ్మా?"

ఆమెకు అర్థం కాలేదు.

"మన మంచం, మన మంచం అంటున్నారుగా. నన్నూ కలుపుకున్నారు. మూడోదాన్ని, ఏ మూల సర్దుకోను?" గొంతులోని వేళాకోళం అంతలోనే ఆరిపోయింది. "మొగుడూ పెళ్లాల సంగతి బయటివాళ్లకు చెప్పేటప్పుడు ఎవరైనా 'మా' అంటారు. ఈ 'మన' ఎవరు నేర్పి పంపారు?"

ఎదుటి మనిషిని కలుపుకొనే మాట ఏదో, వదిలిపెట్టే మాట ఏదో తెలియని వయసు కాదు ఆమెది. కానీ పరాయిదాన్నని ఇంత గట్టిగా నేర్చుకున్నాక, సొంతం అనే మాటను ఎవరి ముందు ఎలా వాడాలో ఆమె మరిచిపోయింది.

పక్కనుంచి డ్రైవరు పేలాడు. "మన ఏంటే, మన? ఎన్నిసార్లు చెప్పాను! ఇల్లు నాది. మంచం మా అమ్మ కొన్నది. నేను ఊఁ అన్నాను కాబట్టి ఇక్కడ గాలి పీలుస్తున్నావు. నలుగురిలో నోరు విప్పితే పరువు తీయడమే!"

"నెమ్మదండీ, బీపీ," అంది ఆమె, తలవంచుకొనే. ఆమె వైపు చూడకుండానే, తిట్టడం ఆపకుండానే, అతను చెయ్యి చాపాడు. ఆమె సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఒక మాత్ర నొక్కి అరచేతిలో పెట్టింది. వేసుకున్నాడు. మళ్లీ అందుకున్నాడు.

"చాలు, చాలు," అంది అధికారిణి. ఆమె ముఖంలోని అనుమానమంతా కడిగేసినట్టు పోయింది. "నాకూ పెళ్లయి ఇరవై ఏళ్లయిందమ్మా. అద్దెకు తెచ్చుకున్న మొగుడు తేనె పూసినట్టు మాట్లాడతాడు. ఇలా తిట్టేవాడు సొంత మొగుడే. వెళ్లండి, కార్డు వస్తుంది."

మెట్లు దిగుతూ డ్రైవరు గర్వంగా అన్నాడు: "చూశావా, నేను నోరు చేసుకోబట్టి గట్టెక్కావు."

అది నిజం. ఆమెను కుంగదీసింది కూడా ఆ నిజమే. ప్రేమకు సాక్ష్యం అడిగిన చోట అవమానం సరిపోయింది. సాటి ఆడమనిషే దాన్ని చూసి, గుర్తుపట్టి, ముద్ర వేసింది.

కార్డు వచ్చిన నాటినుంచి అతను మారాడు. "టీ పెట్టనా?" అని అడగడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఆకుపచ్చ పరదా వేయమన్నాడు. ఆ మర్యాద తనకు కాదనీ, బీరువాలో ఉన్న ప్లాస్టిక్ ముక్కకు జరుగుతున్నదనీ గ్రహించడానికి ఆమెకు ఎక్కువ కాలం పట్టలేదు. అతని చేతిలో తాడు లేనప్పుడు అతనికి మిగిలింది భయమే.

దుకాణం పైగది మాట్లాడుకొని, ఒక ఆదివారం ఉదయం కత్తెర, టేపు, బట్టలు సంచిలో సర్దుకుంది. గుమ్మం దగ్గర అతను అడ్డం నిలబడ్డాడు.

"మన ఇల్లు వదిలి ఎక్కడికే?"

ఆమె ఆగింది. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మన అంటే, ఎవరెవరండీ?"

అతని ముఖం ఎర్రబడింది, మెడ నరం పొంగింది. అలవాటు కొద్దీ, ఆమె వైపు చూడకుండానే, చెయ్యి చాపాడు.

ఆమె సంచి తెరిచి, ఈసారి మాత్రల అట్ట మొత్తం అతని చేతిలో పెట్టింది.