ఖాళీగా తిరిగి వెళ్లిన గిన్నె

మొన్న ఎదురింటి కోడలు కిటికీ ఊచకు ఎర్ర గుడ్డపీలిక ఆరేసింది, అది గాలికి కొట్టుకుంటుంటే నా కాళ్లు గడపలోనే ఆగిపోయాయి. ఆమెకేం తెలుసు, మన తెలుగు నేతగాళ్లు గుజరాత్‌కు వలసొచ్చి ఉంటున్న ఈ బమ్రోలికి వచ్చి ఏడాది కూడా కాలేదు. మన ఈడు వాళ్లకైతే చెప్పనక్కర్లేదు, కరోనా రోజుల్లో గుడ్డ రంగు చూసి వణికిన వాళ్లం మనం.

మగ్గాలు బందైన మొదటి ఏడే మా ఇంటాయనకు జ్వరమొచ్చింది. తన కాళ్లతో తానే నడిచి ఆస్పత్రి బండెక్కాడు, వారం తిరక్కుండా ఆయన చెప్పులూ చొక్కా ఒక సంచిలో వచ్చాయి, మనిషి రాలేదు, మొహమైనా చూపించలేదు. మరుసటి ఏడు రోగం మళ్లీ విరుచుకుపడేసరికి మా గల్లీలో గంజికి కూడా కరువైంది. సాయం లేక కాదు, మా నేతగాళ్ల సంఘం బియ్యం ఇచ్చేది, నది అవతలి అడాజన్ నుంచి గుజరాతీ ఆడవాళ్ల మండలి ఖిచిడీ పంపేది, పక్క గల్లీ మసీదు వాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు టెంపోలో తిప్పేవాళ్లు, కానీ ఎవరి దారి వారిదై ఒకే ఇంటికి మూడుసార్లు అందేది, పక్కిల్లు పస్తుండేది. చివరికి అందరూ కలిసి కూర్చుని ఒక ఏర్పాటు చేశారు, తిండి కావాలంటే తలుపుకు తెల్ల గుడ్డ, జ్వరముంటే ఎర్ర గుడ్డ. మగ్గం పీలికలు లేని ఇల్లు మాలో ఏది.

నా బిడ్డ ఒళ్లు కాలిపోయిన పొద్దున నేను తెల్ల గుడ్డే కట్టాను. ఎర్రది చేతిలోకి తీసుకోగానే ఆ సంచి కళ్ల ముందు ఆడింది, దాన్ని మడిచి బియ్యం డబ్బా అడుగున దాచాను.

ఖిచిడీ తెచ్చే గుజరాతీ అక్కను బెన్ అనేవాళ్లం, ఆమె కొత్త గిన్నె గడపలో పెట్టి పాత గిన్నె తీసుకెళ్లేది. ఒకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అత్త నేర్పిన పద్ధతి, అందుకని ఎంత లేమిలోనైనా చిన్న బెల్లం ముక్క వేసేదాన్ని, తన పిల్లలు దానికోసం కాచుకుని ఉంటారని ఆమె నవ్వేది. మూడో రోజు బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే బెల్లం తీయబోయిన చెయ్యి ఆగింది. బిడ్డ నుదురు తుడిచిన చెయ్యి అది, బెల్లం తినేది ఆమె పిల్లలు. గిన్నె వేడినీళ్లతో తోమి ఖాళీగానే పెట్టాను.

"మాసీ, ఆజే ఖాలీ కేమ్?" పిన్నీ, ఈరోజు ఎందుకు ఖాళీ అని బెన్ అడిగింది, అంతే, నేను తలుపు ఓరగా లాగేసుకున్నాను. ఆమె ఫోన్ చేస్తే వరసకు నాకు అన్నయ్య అయ్యే సంఘం పెద్దాయన పరుగున వచ్చాడు.

"ఏందే చెల్లె, గుడ్డ తెల్లగున్నది గని నీ మొకం గట్ల లేదు. పిల్లకు జరమా?"

"ఆయన్ను తీస్కపోయి సంచి ఇచ్చిన్రు. దీన్ని ఇయ్య అన్నా."

"ఎవ్వలు తీస్కపోరు. సిలిండరే ఇంటికొస్తది, నేను గీ మెట్ల మీదనే కూసుంట. జర తలుపు తియ్యి."

బియ్యంలో చెయ్యి పెట్టి ఎర్ర పీలిక తీసి నేనే కట్టాను, ముడి జారితే మళ్లీ బిగించాను. మసీదు వాళ్లు సిలిండర్ భుజాన మోసుకొచ్చారు, బెన్ ఎండలోనే నిలబడి తెలిసిన డాక్టరును ఫోన్లో పిలిచింది. ఆ తర్వాత ఎన్ని రోజులు గడిచాయో నాకు తెలియదు, బిడ్డ మాస్కుకు ఆవిరి పడితే ఊపిరి పీల్చుకున్నాను, పట్టకపోతే నా ఊపిరీ ఆగింది.

ఇప్పుడు మగ్గాలు ఆడుతున్నాయి. సంఘం సంఘంలా ఉంది, మండలి తాపీ నది అవతలే ఉంది, మసీదు వాళ్లు ఎదురైతే తలూపి పోతారు, అందరూ ఒకచోట కూర్చోవడం మళ్లీ చూడలేదు. ఆ రోజులు మళ్లీ రావద్దు, కానీ ఆ కూర్చోవడం పోయినందుకు మనసు కలుక్కుమంటుంది. బెన్ తెచ్చిన చివరి గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది, ఆమె ఇల్లెక్కడో అడగాలని అప్పుడు తోచలేదు. ఎప్పుడైనా వస్తుందేమోనని అందులో బెల్లం ముక్క వేసి ఉంచుతాను. నాకు సంతకం తప్ప రాదు, ఇదంతా తెలుగు బడిలో చదివిన ఆ బిడ్డే రాస్తోంది. ఈ మాట దగ్గర కలం ఆపి, లేచి వెళ్లి, బెల్లానికి చీమలు పట్టాయేమో చూసి వచ్చింది.