గట్టులో కప్పకి సున్నా మార్కులు

మా చిన్నప్పుడు... ఏడో తరగతి సైన్సు పరీక్షలో పందికొక్కునీ కప్పనీ పోల్చమన్నారు. ఏ వర్గం, ఎక్కడ ఉంటాయి... నాలుగు మార్కులు.

నేను ఎగిరి గంతేశాను. మా నాన్న పొలాల్లో ఎలకలు పట్టేవాడు. బోనుల్లాంటి వెదురు బుట్టలు పెట్టడం, గట్లు తవ్వడం ఆయన పని. సెలవు రోజున పలుగు మోసేది నేనే. అందుకే ధీమాగా రాశాను... "పందికొక్కు క్షీరదం, పిల్లలకి పాలిస్తుంది. కప్ప ఉభయచరం. వర్గాలు వేరైనా ఎండాకాలం రెండూ గట్టు బొరియల్లోనే ఉంటాయి."

సైన్సు మాస్టారు అడ్డంగా గీత కొట్టి సున్నా పెట్టారు. పుస్తకంలో కప్ప చెరువులో ఉందిట.

"ఎవరు చెప్పారే నీకు?"

"మా నాన్నండి."

"ఎలకలు పట్టేవాడా నీకు సైన్సు చెప్పేది?" అని పేపరు విసిరారు. క్లాసంతా నవ్వింది. మార్కులు పోయినందుకు నాకు ఏడుపు రాలేదు... మా నాన్నని అన్నందుకు ఆయన్ని వదలకూడదనుకున్నాను.

మినప చేలు కాపుకొచ్చాక ఆ మాస్టారి పొలంలోనే పందికొక్కులు పడ్డాయి. మా నాన్నకే కబురు పెట్టారు. ఆ పేపరు లంగా బొడ్లో దోపుకుని నేనూ వెళ్ళాను.

మాస్టారు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. నాన్న తవ్వుతుంటే పందికొక్కు దూకి పారిపోయింది. ఇంకో మూర తవ్వితే, అదే బొరియలో చెమ్మ మట్టిలో ముడుచుకుని... కప్ప! దాన్ని ఆ పేపరు మీదే పెట్టి ఆయన ముందుకు చాపాను.

"సార్, దీని ఇల్లెక్కడండి?"

ఆయన మొహం కందగడ్డ అయింది. నాన్నేమో, "తప్పమ్మా, మాస్టార్ని అట్టా అడక్కూడదు" అని ఆయనకి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూసి నాకు ఇంకా మండింది. సోమవారానికల్లా ఆ కప్ప సంగతి బడంతా పాకించాను. రిటైరయ్యేదాకా పిల్లలందరికీ ఆయన 'కప్ప మాస్టారే'. పేరు పెట్టింది నేనే... ఇప్పటికీ తప్పనిపించదు.

మొన్న విజయవాడలో ఒక పెళ్ళిలో ఎదురుపడ్డారు. కర్ర పట్టుకుని దగ్గరికొచ్చి, "ఆ రోజు నువ్వు రాసిందే రైటమ్మా" అన్నారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట... సంతోషం రాలేదు.

"ఆ మాట మా నాన్నతో అనాల్సిందండి. పోయిన ఏడాదే పోయాడు" అన్నాను. ఆయన తల దించుకున్నారు. దించుకోనీ అని ఊరుకున్నాను.

ఇప్పుడు గట్లెవరూ తవ్వడం లేదు... ఎలకల మందు బిళ్ళలు పెట్టేస్తున్నారు. వానొచ్చినా కప్పల అరుపులు తగ్గిపోయాయి. నా కోపం ఒక్కటే తగ్గలేదు. మీ అమ్మనో నాన్ననో ఎవరో అన్న మాట మీకూ ఇంకా గుర్తుందా? ఉంటే ఇక్కడ చెప్పండి... ఈసారి ఎవరూ నవ్వరు.